పొగడని ఉత్తరం

సమోవాలోని తుతూయిలా దీవికి పడమటి కొసన, రోడ్డు అయిపోయి బస్సులు వెనక్కి తిరిగేచోట ఫాగాలువా అనే ఊరుంది. సార్జెంట్ ఫాలానికో చేత సిఫారసు ఉత్తరం రాయించుకోని ఇల్లు ఆ ఊళ్ళో లేదు. హైస్కూల్లో ఆయన కాడెట్ క్లాసు చెప్పేవాడు. పిల్లల చేత కవాతు చేయించడం, బూట్లు అద్దాల్లా తుడిపించడం, వాన పడేలోగా జెండా దించి మడత పెట్టించడం ఆయన పని. చదువు ఆఖరి ఏడాదికి రాగానే ఎవరికి ఏ ఉత్తరం కావాలో రాసిపెట్టడం కూడా ఆయన పనే. ఆ దీవి పిల్లలు సముద్రం దాటాలంటే ఫుట్‌బాల్ అన్నా ఆడాలి, సైన్యంలో అన్నా చేరాలి. రెండింటికీ ‘ఈ పిల్లవాడు మంచివాడు’ అని ఎవరో ఒకరు రాసివ్వాలి.

సిఫారసు ఉత్తరం చాలా పాత సాహిత్యం. కాగితం కంటే ముందే పుట్టి ఉంటుంది. రాజదర్శనానికి బయల్దేరిన పండితుడి మూటలోనూ, కొత్త రేవులో దిగిన వర్తకుడి నడుం సంచిలోనూ తాటాకు మీదో తోలు మీదో ఇంకొకడి మాట ఉండేది. లోకంలో మనిషి తన కాళ్ళ మీద నడిచి చేరిన చోట్లు తక్కువ. ఇంకొకడి మాట పట్టుకుని చేరిన చోట్లే ఎక్కువ.

ఫాలానికో తన కుటుంబానికి మాట పెద్ద కూడా. ఊరి సభలో చేతికర్ర నేలకి ఆనించి, కొబ్బరి పీచు కుచ్చు భుజం మీద వేసుకుని ఆయన నోరు విప్పితే, ఎదుటి ఊరివాళ్ళకి తమ తాతముత్తాతలు అంత గొప్పవాళ్ళని అప్పుడే తెలిసేది. ఆ నోరు ఉత్తరాల్లోకీ దిగింది. పరుగులో ఎప్పుడూ ఆఖర్న వచ్చే ఒక కుర్రాడి గురించి, ‘తోటివాళ్ళలో ఎవరైనా అలసి పడిపోతారేమోనని వెనకే ఉండి కనిపెట్టుకుని వచ్చే స్వభావం’ అని రాశాడు. ఆ కుర్రాడు ఇప్పుడు టెక్సాస్‌లో సైన్యం ట్రక్కులు తోలుతున్నాడు.

“ఒరే సార్జెంటూ, నీ ఉత్తరాల ప్రకారం మన ఊళ్ళో దద్దమ్మ అనేవాడు పుట్టనే లేదు కదరా! మరి పొద్దున్నే నా బస్సెక్కి చిల్లర లేదనే వెధవలంతా ఎవర్రా?” అనేవాడు తవితా. ఇద్దరూ చిన్నప్పటినుంచీ కలిసి తిరిగినవాళ్ళు. తవితా చెక్కబస్సులో పాటల మోత ఎంతుండేదంటే, ఎక్కినవాళ్ళు దిగాక కూడా కాసేపు గట్టిగానే మాట్లాడుకునేవాళ్ళు.

“ఎదుటివాడి పిల్లల్ని పొగిడితే మన నోరేం అరిగిపోదురా,” అనేవాడు ఫాలానికో.

ఆయన పద్దెనిమిదో ఏట సైన్యంలో చేరాడు. జర్మనీలో మంచు తవ్వాడు, ఎడారిలో ఇసుక తవ్వాడు, సార్జెంటై, మోకాలు అరిగి ఇంటికొచ్చాడు. మధ్యలో ఒకసారి, వయసులో ఉన్నప్పుడు, కెప్టెన్ పిలిచి అడిగాడు: “ఆఫీసర్ల శిక్షణకి ఒకణ్ణి పంపమన్నారు. నీ పేరు రాద్దామనుకుంటున్నా. నీలో ఆ సరుకుందంటావా?”

“లేదు సార్. నాకంటే మంచివాళ్ళు చాలామంది ఉన్నారు,” అన్నాడు ఫాలానికో.

ఇంటి దగ్గరైతే పెద్దలు రెండోసారి అడుగుతారు. కాదంటే నవ్వి మూడోసారి అడుగుతారు. అప్పుడు తల వంచి, మీ ఇష్టం అనాలి. మొదటి పిలుపుకే లేచి నిలబడేవాణ్ణి ఏ సభలోనూ కూచోబెట్టుకోరు. కెప్టెన్ మాత్రం తలూపి ఇంకొకడి పేరు రాసుకున్నాడు. రెండోసారి పిలుస్తాడని ఫాలానికో ఆ వారమంతా సిపాయిలుండే బారకాసు గుమ్మం వైపు చూస్తూ గడిపాడు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి అందులో ఏముంది గనక? రాసిపెట్టి లేదు, అంతే అనుకున్నాడు.

ఆ సైన్యంలో ఒక ఆచారం ఉంది. కొత్తగా ఆఫీసరైన మనిషి, తనకి మొట్టమొదటి సెల్యూట్ కొట్టిన సిపాయి చేతిలో ఒక వెండి డాలరు పెట్టాలి. ఫాలానికో గడ్డం మొలవని ఆఫీసర్లు ఎందరికో సెల్యూట్లు కొట్టాడు గాని మొదటి సెల్యూట్ ఎప్పుడూ ఆయన వంతుకి రాలేదు. క్లాసు చెప్పడం మొదలుపెట్టాక ఆయనకి ఒకటే కోరిక పట్టుకుంది. తన ఊరి పిల్ల ఎవరైనా సరే, ఆఫీసరై తన ఎదుట నిలబడాలి. ఏళ్ళు గడిచాయి. ఆయన ఉత్తరాలతో వెళ్ళినవాళ్ళంతా సిపాయిలుగానే వెళ్ళారు.

చివరికి అలాంటి పిల్ల పుట్టింది గాని, పరాయి ఇంట్లో పుట్టలేదు. ఆయన సొంత చెల్లెలు లెపేకా కూతురై పుట్టింది.

ఆ పిల్ల పేరు ఫెతువావో. వేగుచుక్క అని అర్థం. ఇంట్లో ఫెతూ అంటారు. తండ్రి లేడు. తల్లి ట్యూనా చేపల ఫ్యాక్టరీలో నిలబడి చేపలు శుభ్రం చేసే పనికి వెళ్ళి వచ్చి, సాయంత్రాలు చాప నేసుకునేది. ఒకే ముంగిట్లో రెండిళ్ళు, మధ్యలో తాతగారి సమాధి. ఆ సమాధి అరుగు మీదే పిల్ల పెరిగింది, చదివింది. ఒక వానాకాలం కొండచరియ విరిగి రోడ్డు మూసుకుపోతే, బస్సులో చిక్కుకున్న చిన్నపిల్లలందర్నీ ఒక తాడుకి పట్టించి, ఆటు వేళ చూసుకుని రాళ్ళ వెంబడి సముద్రపు ఒడ్డున ఇంటికి నడిపించుకొచ్చింది. ఆఖరివాణ్ణి వీపు మీద మోసుకొచ్చింది. ఇంటికొచ్చి, ఎందుకాలస్యమైందే అని తల్లి తిడితే పడింది. సంగతి తల్లికి మర్నాడు తవితా చెబితే తెలిసింది.

ఒకరోజు ఫెతూ, ఆ దీవిలో ఆడా మగా కట్టే లుంగీ ఉతికింది కట్టుకుని, రెండు చేతులా పళ్ళెం పట్టుకుని మేనమామ ఇంటికి వచ్చింది. పళ్ళెంలో చామలాంటి తారో ఆకుల్లో కొబ్బరిపాలు పోసి ఉడికించిన పలుసామి, వేడి కోకో ఉన్నాయి. లోపలికి రాకుండా చాప అంచున మఠం వేసుకుని కూచుంది.

“ఏంటే ఈ వేషం? ఎవరైనా పోయారా?” అన్నాడు ఫాలానికో.

“లేదు మామా. ఒకటి అడుగుదామని వచ్చాను.”

“ముంగిలి దాటి రావడానికి పళ్ళెం కూడానా? అడుగు.”

“మిలిటరీ అకాడెమీకి దరఖాస్తు పెడుతున్నాను. దాంతోపాటు ఆఫీసర్ల స్కాలర్‌షిప్పుకి కూడా. ఉత్తరాలు కావాలి. లెక్కల మేడం రాసింది, ఇంగ్లీషు సారు రాశాడు. కాడెట్ టీచరుది కూడా తప్పకుండా ఉండాలట.”

“నేను నీ మేనమామనని వాళ్ళకి తెలుసా?”

“ఫోన్ చేసి అడిగాను. చుట్టరికం ఏంటో రాసేసి రాయొచ్చన్నారు. ఈ దీవిలో చుట్టం కానివాడు దొరకడని వాళ్ళకీ తెలుసు మామా.”

ఫాలానికో కోకో ఊదుకుని ఒక గుక్క తాగాడు. “ఇంకెవరి పిల్లవైనా అయ్యుంటే ఈపాటికి కలం తీసేవాణ్ణి. మనవాళ్ళని మనం పొగడకూడదు కదే.”

“పొగడొద్దు మామా. ఉన్నది రాస్తే చాలు.”

నీ విషయంలో ఉన్నది రాసినా పొగడ్తే అవుతుందే పిచ్చిదానా అనుకున్నాడాయన. పైకి అనలేదు. ఆ పిల్ల ఎదుట అంతమాట ఎప్పుడూ అనలేదు.

ఆ ఉత్తరం రాయడానికి పడ్డ యాతన ఆయన ఇంకే ఉత్తరానికీ పడలేదు. కొండచరియ పడ్డ రోజు సంగతి ఒక పంక్తి రాశాడు. చదువుకుంటే సభలో బట్టలు జారినంత సిగ్గేసింది. కొట్టేశాడు. మళ్ళీ మొదలుపెట్టి, ఈసారి గౌరవనీయుల ముందు ఒక కుటుంబం తరఫున మాట పెద్ద ఎలా నిలబడాలో అలా నిలబడి రాశాడు. ఆదివారం భోజనాలయ్యాక చెల్లెల్ని కూచోబెట్టి, తమ భాషలోకి మార్చి చదివి వినిపించాడు.

“ఈ పిల్ల మా ఇంటి పిల్ల. నా చెల్లెలి కూతురు. ఈమె గురించి గొప్పగా చెప్పుకోవడానికి మా దగ్గర ఏమీ లేదు. చిన్న ఊరు మాది, చిన్న కుటుంబం మాది. మీ దగ్గరికి వచ్చే గొప్ప పిల్లల పక్కన ఈమె నిలబడదగినది కాదని మాకు తెలుసు. చెప్పిన పని చేస్తుంది. మీ గడప ఊడ్చే పని ఇచ్చినా మా భాగ్యమే అనుకుంటాం. తప్పులుంటే అవి నా పెంపకంలోవి, మన్నించండి.”

లెపేకా మోకాళ్ళ మీదున్న, వేలెడంత నేసిన సన్నచాప పక్కన పెట్టి కళ్ళు తుడుచుకుంది. కూతురు ఆఫీసరైన రోజున కప్పాలని ఆ దరఖాస్తు పెట్టిన నాడే మొదలుపెట్టిన చాప అది. దారమంత సన్నంగా చీల్చిన ఆకు. నెలల తరబడి నేస్తే గాని జానెడు సాగదు.

“మన నాన్న మాట్లాడినట్టుంది అన్నా,” అంది. “ఇంతకంటే ఎవరు వంగగలరు?”

మన పాత కావ్యాల మొదట్లో కవులు తాము మందమతులమనీ, పెద్దలు తప్పులు కాయాలనీ వేడుకునేవారు. ఆ మాట అక్షరాలా నమ్మి పుస్తకం మూసేసిన రాజు ఎక్కడా లేడు. వంగిన తల ఎంత కిందికి వంగితే వెనక అంత బరువుందని చదివేవాడికి తెలుసు. ఫాలానికో కూడా అలాగే అనుకున్నాడు. అంత గొప్ప చోట కూచున్నవాళ్ళకి ఇంతమాత్రం తెలియకుండా ఉంటుందా?

దీవిలో పేర్లు వడకట్టే పెద్దలకి నిజంగానే తెలిసింది. వాళ్ళు ఆ ఉత్తరం చదివి, ముసలాడు పిల్లని నెత్తిన పెట్టుకున్నాడు అని నవ్వుకుని, ఫెతూ పేరు పైకి పంపారు. ఆ ఆదివారం చర్చిలో పాస్టర్ గారు లేచి నిలబడి దేవుడికి వందనాలు చెప్పారు. ఊరంతా పంది మాంసం తిన్నది. తవితా బస్సు మీద ఆ పిల్ల పేరు ఎర్రరంగుతో రాయించాడు.

తర్వాత సముద్రానికి అవతలినుంచి జవాబులు వచ్చాయి. అకాడెమీ కాదంది. స్కాలర్‌షిప్పు కూడా కాదంది. రెండూ చక్కటి మర్యాద మాటలే.

దీవుల పిల్లల దరఖాస్తులు చూసుకునేవాడు హోనొలూలూలో ఉండే మేజర్ వాల్డ్రన్. మంచివాడు. ఆయనే ఫాలానికోకి ఫోన్ చేశాడు.

“సార్జెంట్, మీరు కోప్పడనంటే ఒక మాట అడుగుతాను. ఆ అమ్మాయి మీద మీకు నమ్మకం లేకపోతే ఎందుకు పెట్టించారు?”

“నమ్మకం లేదా? ఎవరికి సార్?”

“మీ ఉత్తరమే చెబుతోంది కదా. లెక్కల టీచరు ఆకాశానికెత్తింది. మీరేమో ఆమె నిలబడదగినది కాదని రాశారు. సొంత మేనమామే అలా అన్నాక, సైన్యంలో అంతకాలం చేసిన మనిషి అన్నాక, మేమేం అనుకోవాలి?”

ఫాలానికో ఫోన్ ఆ చెవినుంచి ఈ చెవికి మార్చుకున్నాడు.

“అదొక్కటే కారణం అనను,” అన్నాడు మేజర్. “ఇంకోటి కూడా ఉంది, అది నేను చెప్పకూడదు. వచ్చే ఏడు మళ్ళీ పెట్టించండి. ఉత్తరం మాత్రం వేరే ఎవరిచేతైనా రాయించండి.”

ఫోన్ పెట్టేసి ముంగిట్లోకి వచ్చాడు. చెల్లెలు చాప నేస్తూ కూచుంది. వచ్చి ఆమె ఎదుట నేల మీద కూలబడ్డాడు. సమోవాలో అన్న చెల్లెలి కంటే తక్కువ ఎత్తున కూచోవడం కొత్త కాదు. ఆమె మాట అన్నకి దేవుడి మాట. ఆమె శాపం పెడితే తిరుగులేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.

“తిట్టు,” అన్నాడు ఆఖరికి. “నీ నోటికొచ్చిన శాపం పెట్టు. నేనే పాడుచేశాను.”

లెపేకా నేత ఆపింది. “ఏమని తిట్టను? నేనూ విన్నానుగా. బాగుందని ఏడ్చానుగా,” అంది. తర్వాత ఆ చాపని కొసలు విరగకుండా నెమ్మదిగా చుట్టి, లోపలికి తీసుకెళ్ళి పరుపు కింద పెట్టేసింది. మళ్ళీ బయటికి తియ్యలేదు.

వచ్చే ఏడు మళ్ళీ పెడదామే అని ఫాలానికో ఎలా మొదలుపెట్టాలో ఆలోచిస్తూ ఉండగానే, ఫెతూ వెళ్ళి సిపాయిగా సంతకం చేసి వచ్చింది. ఊరి పిల్లలు ఇంకో నలుగురూ ఆమెతో సంతకాలు చేశారు. “విమానం తేదీ ఇచ్చేశారు మామా,” అంది, బజారునుంచి ఉప్పు తెచ్చానన్నట్టు. ఆ నలుగురికీ ఉత్తరాలు ఆయనే రాశాడు. ఒక్కొక్కటీ ఎంత బాగా రాశాడో!

బయల్దేరే ముందరి ఆదివారం చర్చి అయ్యాక అందరికీ కలిపి వీడ్కోలు విందు పెట్టారు. తెల్లబట్టల్లో ఊరంతా సభామండపంలో స్తంభాలకి ఆనుకుని కూచుంది. మాట పెద్దలు ఒకరి తర్వాత ఒకరు లేచారు. ఎవరికి వాళ్ళు ఎదుటి ఇంటి పిల్లని ఎత్తి, తమ ఇంటి పిల్లని దించారు. ఫాలానికో వంతు వచ్చింది. లేచాడు. ముందు ఆ నలుగుర్నీ పొగిడాడు. “మాలియే, మాలియే,” అని సభ మెచ్చుకుంది. ఇప్పుడిక మా పిల్ల ఏపాటిదిలెండి అని కూచోవాలి.

కూచోలేదు.

“మా ఫెతువావో,” అన్నాడు. “ఈ దీవిలో నేను కవాతు నేర్పిన పిల్లలందరిలోకీ మొదటిది. కొండచరియ పడ్డ రోజున మీ పిల్లల్ని మీ ఇళ్ళకి చేర్చింది ఈమె. పెద్దమనుషులం మనం రోడ్డు మీద నిలబడి అరుస్తున్నాం. పద్దెనిమిది నిండని ఈ పిల్ల ఆటు చూసుకుని నడిచింది. భయపడిన పిల్లవాడిచేత పాట పాడించింది. నేను చూసిన ఆఫీసర్లలో ఈమెకి సాటివచ్చేవాళ్ళు ఇద్దరో ముగ్గురో. ఆజ్ఞ ఇవ్వడానికి పుట్టింది. నేను చెబుతున్నాను. నా ఇంటి పిల్ల గురించి నేనే చెబుతున్నాను!”

సభలో ఎవ్వరూ మాలియే అనలేదు. విసనకర్రలు ఆగిపోయాయి. పాస్టర్ గారు తన పళ్ళెం వైపు చూసుకున్నారు. ఎదుటి వరసలో ఒక ముసలామె నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. తవితా గొంతు సవరించుకుని, “మోకాలి మందు బలంగా వేసినట్టున్నారు వీడికి,” అన్నాడు. ఎవరూ నవ్వలేదు. అన్నవాడు కూడా నవ్వలేదు. ఫెతూ తల వంచుకుని, పూలదండలోంచి ఒక్కో రేకూ తుంచి తన ఒడిలో పెట్టుకుంటూ కూచుంది. లెపేకా ఒక్కతే అన్నవైపు తలెత్తి చూసింది.

సాయంత్రం ఫాలానికో సముద్రపు ఒడ్డు గోడ మీద కూచుని ఉంటే ఫెతూ వచ్చి పక్కన కూచుంది.

“ఎందుకలా చేశావు మామా? సిగ్గుతో చచ్చాను. రేపు అమ్మ బజారుకెళ్తే ఏమనుకుంటారు?”

“ఆ మాటలు ఉత్తరంలో రాయాల్సినవే. రాయలేదు. అందుకే నీకు రాలేదు. మేజర్ చెప్పాడు.”

“ఉత్తరం ఒక్కటే కాదులే మామా.”

“ఇంకేంటి?”

“నాతో కూడా మాట్లాడారు కదా, కంప్యూటర్లో. ముగ్గురు కూచున్నారు. మంచివాళ్ళే. ఆఖర్న అడిగారు, ఇంతమందిలో నిన్నే ఎందుకు తీసుకోవాలి అని.”

“ఏం చెప్పావు?”

“నాకంటే మంచివాళ్ళు చాలామంది ఉన్నారన్నాను.”

ఫాలానికో చేతికర్ర రెండు చేతులతో పట్టుకున్నాడు.

“మళ్ళీ ఒకసారి అడుగుతారేమోనని చూశాను,” అంది ఫెతూ. “అడగలేదు. థాంక్యూ అని పెట్టేశారు.”

ఆయనకి జర్మనీలో ఆ బారకాసు గుమ్మం కళ్ళకి కట్టింది. వాకిట్లో మంచు, లోపల బూట్ల పాలిష్ వాసన.

“వచ్చే ఏడు మళ్ళీ పెట్టవే. నీ నోరు నేను సరిచేస్తాను. కూచోబెట్టి నేర్పుతాను.”

“ఏం నేర్పుతావు మామా? ఇవాళ నువ్వు మాట్లాడినట్టా?” నవ్వింది. నవ్వు సగంలోనే ఆగింది. “నాకు రాదు మామా. మళ్ళీ అడిగినా అదే మాట వస్తుంది. సిపాయిగా అయితే ఆ బాధ లేదు. నువ్వు గొప్పదానివా అని ఎవరూ అడగరు. వరసలో నిలబడమంటారు, నిలబడతాను.”

ఆ కెప్టెన్ సంగతి ఆమెకి చెప్పాలని ఫాలానికోకి అనిపించింది. ఇన్నేళ్ళలో మొదటిసారి ఒక మనిషికి చెప్పాలనిపించింది. నోరు తెరిచాడు. అంతలో పనసచెట్టుకి వేలాడదీసిన పాత గ్యాసు సిలిండరు మీద ఎవరో ఇనపరాడ్డుతో కొట్టారు. ప్రార్థన వేళ అయింది. ఆ వేళప్పుడు ఊళ్ళో ఎవరూ నడవరు, ఎవరూ మాట్లాడరు. రోడ్డు మీద బస్సు కూడా ఆగిపోతుంది. ఇద్దరూ కూచున్నచోటే తలలు వంచారు. ఇళ్ళలోంచి పాటలు వినిపించాయి. ఒక్కో ఇంట్లో ఒక్కో పాట, అన్నీ ఒకేసారి.

ఆఖరి గంట కొట్టాక ఫెతూ లుంగీ దులుపుకుని లేచింది.

“ఏదో చెప్పబోయావు మామా?”

“ఏం లేదులే.”

ఆ పిల్ల ఒక్క క్షణం నిలబడింది. రెండోసారి అడగాలని ఆమెకి తెలుసు. కానీ అవతల తల్లి పిలుస్తోంది, పెట్టె సర్దాలి. వెళ్ళిపోయింది.